బెంగళూరులో నలుగురు కూర్చుని తెలుగు కథ చదువుకోవాలంటే

బెంగళూరులో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. మారతహళ్లి పీజీల్లో, కె.ఆర్.పురం అపార్ట్‌మెంట్లలో, చిక్కపేట బట్టల కొట్లలో, వయ్యాలికావల్ పాత ఇళ్లల్లో ఎక్కడ చెవి ఒగ్గినా తెలుగే. కానీ చదివిన కథ గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. నాలుగేళ్లుగా నెలకోసారి మేం కొందరం ఒకచోట కూర్చుని కథ చదువుకుంటున్నాం. "మా ఏరియాలో కూడా మొదలుపెడతాం, ఎలా చేయాలో చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఈ ఊళ్లో చాలామంది తెలుగువాళ్లకు తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. కోలారు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, పావగడ వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుకున్నారు. ఉద్యోగాల కోసం వచ్చిన మన కుర్రాళ్లలో సగం మంది ఇంగ్లీషు మీడియం. సినిమా పోస్టరు చదవగలరు, పది పేజీల కథ అంటే భయపడతారు. కాబట్టి "కథ చదువుకుని రండి, చర్చిద్దాం" అనే పద్ధతి ఇక్కడ నడవదు. కథను అందరూ కూర్చున్నాక అక్కడే పైకి చదవాలి. కింద చెప్పబోయే ప్రతి పనీ ఈ ఒక్క విషయాన్ని బట్టే ఉంటుంది.

మాకిది మొదట తెలియలేదు. మొదటి నెల వాట్సాప్‌లో కథ పీడీఎఫ్ పంపి, ఒక కాఫీ షాపులో కలుద్దామన్నాం. పదకొండు మంది వస్తామన్నారు, ఏడుగురు వచ్చారు, కథ చదివినవాళ్లు ఇద్దరు. మిక్సీ తిరిగినప్పుడల్లా మాట ఆపుకోవాల్సి వచ్చింది. ఆ ఏడుగురిలో కోలారు జిల్లా ముళబాగిలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ ఉన్నారు. గంటసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. లేచి వెళ్లేటప్పుడు నా పక్కకొచ్చి, "నాకు తెలుగు చదవను రాదప్పా, ఎవురన్నా చదివితే వింటా" అన్నారు. రెండో నెల నుంచి పైకి చదవడం మొదలైంది. ఆవిడ ఇప్పటికీ వస్తారు.

ముందు ముగ్గురిని కుదుర్చుకోండి

వందమందితో వాట్సాప్ గ్రూపు పెట్టకండి. ముగ్గురు చాలు, కానీ ఆ ముగ్గురూ వానొచ్చినా వచ్చేవాళ్లయి ఉండాలి. ఒకరు చోటు చూసుకుంటారు, ఒకరు కథ చూసుకుంటారు, ఒకరు వచ్చినవాళ్లను పలకరిస్తారు. మూడోది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ అసలైన పని అదే. కొత్తగా వచ్చిన మనిషి తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించే ఆ అరనిమిషంలో ఎవరో ఒకరు లేచి "రండి, ఇక్కడ కూర్చోండి" అనాలి. అనకపోతే ఆ మనిషి మళ్లీ రారు.

గ్రూపు పెట్టాక అందులో తేదీ, చోటు, కథ వివరాలు తప్ప ఇంకేవీ రాకుండా చూసుకోండి. గుడ్ మార్నింగ్ పువ్వులు వచ్చాయంటే చదివేవాళ్లు మ్యూట్‌లో పెట్టేస్తారు, మీరు పంపే కబురు కూడా వాళ్లకు చేరదు.

చోటు

బెంగళూరులో దూరం కిలోమీటర్లలో కొలవరు, గంటల్లో కొలుస్తారు. అందుకే మెట్రో మ్యాపు ముందు పెట్టుకుని చోటు వెతకండి. బసవనగుడినే తీసుకోండి. గ్రీన్ లైన్‌లో నేషనల్ కాలేజ్ స్టేషన్ ఉంది. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వాళ్లు పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి అక్కడ మారతారు. 2025 ఆగస్టులో యెల్లో లైన్ మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు ఆర్.వి.రోడ్ దగ్గర గ్రీన్ లైన్ ఎక్కి వచ్చేస్తున్నారు. అంతకుముందు సిల్క్ బోర్డు జంక్షన్ పేరు చెబితేనే ఆదివారం కూడా రామనేవాళ్లు.

ఎలాంటి చోటు అంటే, మొదటి ఆరు నెలలూ పెద్ద సభా హాలు వద్దు. ఎవరిదైనా ఇంటి హాలు, అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్, మేడ మీద నీడున్న జాగా ఏదైనా సరే. క్లబ్ హౌస్ అయితే అక్కడ ఉండేవాళ్ల పేరు మీద బుక్ చేయించి, గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే పేర్లు ఇవ్వండి. కబ్బన్ పార్కులో చెట్టు కింద ఆరేడుగురు కూర్చుని చదువుకోవడం హాయిగా ఉంటుంది, పక్కనే కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్. మైకు, బ్యానరు పెట్టి సభలా చేయాలంటే మాత్రం ఉద్యాన శాఖ అనుమతి తీసుకోవాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ పార్కును నమ్ముకోకండి, కథ సగంలో ఉండగా వాన దిగుతుంది.

నలభై యాభై మంది వచ్చే రోజున వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం లాంటివి అడగొచ్చు. పుస్తకాల షాపుల్లో కూడా ఇలాంటి కూటాలకు చోటిచ్చేవి ఉన్నాయి. వెళ్లి నేరుగా మాట్లాడండి. "మా వాళ్లు ఇన్ని పుస్తకాలు కొంటారు" అని వట్టి మాట ఇవ్వకండి, ఎంతమంది వస్తారో నిజం చెప్పండి.

కాఫీ షాపు మాత్రం వద్దు. మిక్సీ సంగతి చెప్పాను కదా.

తేదీ

నెలలో రెండో ఆదివారమో నాలుగో ఆదివారమో ఒకటి ఖాయం చేసుకుని దాన్ని ఇక కదపకండి. ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర మంచి సమయం. సంక్రాంతి, ఉగాది, దసరా, మూడు రోజుల సెలవు వచ్చే వారాలు వదిలేయండి. శుక్రవారం రాత్రికే మనవాళ్లంతా బస్సులెక్కి ఊళ్లకు వెళ్లిపోతారు.

కథను ఎంచుకోవడం

పైకి చదివితే అరగంట పట్టే కథ చూసుకోండి. నలభై నిమిషాలు దాటితే వెనక కూర్చున్నవాళ్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి. ముందు ఇంట్లో గడియారం పెట్టుకుని మీరే ఒకసారి చదవండి. సంభాషణలు ఎక్కువున్న కథ చెవికి బాగా ఎక్కుతుంది. వర్ణన నిండిన కథలు ఎంత గొప్పవైనా మొదటి రెండు మూడు నెలలు పక్కన పెట్టండి.

కథలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ పేరు కథానిలయం. దాని వెబ్‌సైట్‌లో వేలాది తెలుగు కథలు స్కాన్ చేసి ఉంచారు. రచయిత పేరుతో వెతుక్కోవచ్చు.

హక్కుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. అచ్చయిన రచనలోంచి కొంత భాగం సభలో చదివి వినిపించడానికి మన కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. కథ మొత్తం చదవడం, జిరాక్సులు తీసి పంచడం వేరే సంగతి, దానికి ముందే అనుమతి అడగడం మంచిది. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. ఆ గడువు దాటినవి ఎవరైనా వాడుకోవచ్చు. 1915లో పోయిన గురజాడ, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ లెక్కన అందరివాళ్లూ అయిపోయారు. ఇప్పుడు రాస్తున్నవాళ్లయితే ఒక ఫోన్ చేసి అడగండి. మేం అడిగినవాళ్లలో ఒక్కరు కూడా కాదనలేదు. పైగా, "అయ్యాక ఏమనుకున్నారో నాకు చెప్పండి" అన్నారు. చెప్పండి, తప్పకుండా చెప్పండి. పత్రికలో కథ పడ్డాక ఉత్తరం ముక్క కూడా రాని రోజులివి.

ఇక అక్షరాల సంగతి. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు, దాదాపు అక్షరానికి అక్షరం సరిపోతుంది. అక్షరముఖ అనే ఉచిత వెబ్‌సైట్‌లో తెలుగు కథ పెడితే క్షణంలో అదే తెలుగు కన్నడ లిపిలో వస్తుంది. ప్రింటు తీసేముందు ఒకసారి కన్నడం చదివేవాళ్లతో సరిచూపించండి. మేం ప్రతి నెలా పది కాపీలు తెలుగు లిపిలో, ఐదు కన్నడ లిపిలో తీస్తాం. అక్షరాలు కాస్త పెద్దవిగా, 14 పాయింట్లలో పెడితే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. ముళబాగిలు ఆవిడ కన్నడ లిపిలో తెలుగు కథను వేలు పెట్టుకుని చూస్తూ విన్న రోజు నాకు బాగా గుర్తు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "ఇంటికాడ మళ్లా చదువుకుంటా" అన్నారు. అంతకుముందు ఆవిడ జీవితంలో తెలుగు కథ ఒక్కటి కూడా సొంతంగా చదవలేదు.

కబురు పంపడం

పెద్ద పోస్టరు, రచయితల ఫొటోలు, "సాహితీ ప్రియులందరూ ఆహ్వానితులే" అనే వాక్యం అక్కర్లేదు. వచ్చే మనిషికి ఉండే భయాలు తీరితే చాలు. మేం పంపేది ఇలా ఉంటుంది:

"ఆదివారం ఉదయం 10.30కి బసవనగుడిలో కలుస్తున్నాం. నేషనల్ కాలేజ్ మెట్రో నుంచి నడిచి రావచ్చు. ఒక కథ పైకి చదువుతాం, తర్వాత మాట్లాడుకుంటాం. ముందుగా చదివి రానక్కర్లేదు. తెలుగు చదవడం రాకపోయినా పర్వాలేదు. మాట్లాడాలని బలవంతం లేదు. 12.30కి అయిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు."

చివరి నాలుగు వాక్యాలు చూసే వచ్చామని కొత్తవాళ్లు చాలామంది చెప్పారు.

ఆ రోజు

కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక, బల్ల, దాని మీద గుడ్డ, అధ్యక్షులు, జ్యోతి ప్రజ్వలన వద్దు. మన సాహిత్య సభల్లో సగం సమయం ఆహ్వానించడానికీ వందనాలు చెప్పడానికీ పోతుంది. అవి పెద్ద సభలకు అవసరమేమో గానీ పన్నెండు మంది కూర్చున్న గదిలో ఒకరిని పైన కూర్చోబెడితే మిగతావాళ్లు నోరు విప్పరు.

పదిన్నర అంటే పదీ నలభైకి మొదలుపెట్టేయండి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆగితే వచ్చే నెల సమయానికి వచ్చినవాళ్లు కూడా ఆలస్యంగా వస్తారు. పేరు, సొంత ఊరు, అంతే. పరిచయాలు పది నిమిషాల్లో అయిపోవాలి. ఉద్యోగం, కంపెనీ అడగొద్దు. ఊరి పేరు వినగానే ఇంకొకరు "మాదీ అటువైపే" అంటారు, గది సర్దుకుంటుంది.

కథ చదవడానికి ఇద్దరిని ముందే అనుకోండి. కథ ఏ ప్రాంతపు మాటలో ఉంటే ఆ ప్రాంతం వాళ్లు చదివితే ఆ అందం వేరు. ఉత్తరాంధ్ర కథను అనంతపురం మనిషి చదివితే అక్షరాలు వినిపిస్తాయి గానీ మనుషులు కనిపించరు. నటించమని చెప్పకండి, నిదానంగా చదివితే చాలు. చదవడం అయ్యాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉండండి.

తర్వాత "కథ ఎలా ఉంది?" అని అడగొద్దు. "బావుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఏ మాట దగ్గర ఆగారు?" అని అడగండి. ఒకసారి మేం చదివిన రాయలసీమ కథలో ఒకామె వాకిట్లో కూర్చుని బోకులు తోముతూ ఉంటుంది. రాజమండ్రి అమ్మాయి ఒకరు, "బోకులంటే పనికిమాలినవాళ్లు కదా, వాళ్లను తోమడమేంటి?" అని అడిగింది. కడప అన్న ఒకాయన, "గిన్నెలమ్మా, మీరు అంట్లంటారే, అవి" అన్నాడు. ముళబాగిలు ఆవిడ వెంటనే, "మా అవ్వ కూడా బోకులనే అంటా ఉండె" అంది. ఆ అవ్వ ఎవరు, ఎక్కడ తోమేది, బూడిదతోనా, పీచుతోనా అని మాట మీద మాట సాగి, తిరిగి తిరిగి కథలోని ఆ వాకిట్లోకే వచ్చాం. ఆమె ఎందుకు అంతసేపు తోముతూ కూర్చుందో, లోపలికి ఎందుకు వెళ్లలేదో అప్పుడు అందరికీ తట్టింది. విమర్శ పాఠాలు ఎన్ని విన్నా అది తట్టేది కాదేమో.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి. అందరూ ఒకసారి మాట్లాడే దాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు ప్రతి కూటంలోనూ ఉంటారు, ఆయన మొదలుపెడితే ఆగదు. "అన్నా, మీరు చివర్లో చెప్పాలి" అని మర్యాదగా ముందే చెప్పి ఉంచండి. చివర్లో ఆయన చెప్పేది నిజంగా విలువైనదే అవుతుంది, ఎందుకంటే అప్పటికి ఆయన కూడా అందరి మాటా విని ఉంటారు.

రాసేవాళ్లు ఉంటే

నాలుగైదు నెలలకు ఎవరో ఒకరు సిగ్గుపడుతూ "నేనూ ఒకటి రాశాను" అంటారు. దాన్ని మామూలు కూటంలో కలపకండి. వేరే రోజున, ఐదారుగురే, అదీ రాసే అలవాటున్నవాళ్లే కూర్చోండి. కథ మూడు రోజుల ముందు అందరికీ చేరాలి. మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు మెదపకుండా నోట్సు రాసుకోవాలి. "అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే" అని వివరించడం మొదలుపెడితే ఇక ఎవరూ నిజం చెప్పరు. అచ్చయ్యాక ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని ఉద్దేశం చెప్పలేం కదా. చెప్పేవాళ్లు కూడా "బాలేదు" అనకుండా ఎక్కడ అయోమయంగా అనిపించిందో వాక్యం చూపించాలి. మొదటి కథ రాసినవాళ్ల మనసు చాలా సుకుమారంగా ఉంటుంది. దాన్ని చిన్నబుచ్చితే ఆ మనిషి మళ్లీ కలం పట్టకపోవచ్చు.

రచయితను పిలవడం

ఇందులో మేం ఒక పెద్ద తప్పు చేశాం. రెండో ఏడు అనంతపురం నుంచి ఒక కథకుణ్ని పిలిచాం. ఆయన తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. మేం ఉత్సాహంతో పెద్ద హాలు తీసుకుని, వేదిక మీద నలుగురు వక్తలను పెట్టాం. వాళ్లందరూ మాట్లాడాక ఆయనకు పన్నెండు నిమిషాలు మిగిలాయి. శాలువా కప్పాం. ఎవరైనా ప్రశ్న అడగండి అంటే హాలంతా నిశ్శబ్దం, పుస్తకం ఎవరూ చదవలేదు. ఆయన ఏమీ అనలేదు. మెజెస్టిక్ దాకా దింపడానికి వెళ్తే దారిలో నాతో, "మీరు నెలనెలా కథ చదువుతారట కదా, దానికే వచ్చి కూర్చునేవాణ్ని" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. రచయిత వచ్చే ముందు నెలలో ఆయన కథ ఒకటి, ఆయన లేకుండానే చదువుకుంటాం. ఆ రోజే పుస్తకం ఎంతమందికి కావాలో లెక్క రాసుకుని, డబ్బు వసూలు చేసి, ప్రచురణకర్త దగ్గరో రచయిత దగ్గరో ఒకేసారి కొంటాం. ఒకేసారి పది పదిహేను కొంటే ధర తగ్గించేవాళ్లుంటారు, అయినా మనం బేరం ఆడకూడదు. నెల రోజుల టైముంటుంది గనక కనీసం సగం మంది చదువుతారు. ప్రశ్నలు చీటీల మీద రాయించి ఒకరు తీసుకుంటారు.

రచయిత వచ్చిన రోజున మొదట ఆయనే పది నిమిషాలు తన కథలోంచి చదువుతారు. తర్వాత చీటీలు తీసుకున్న మనిషి పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా అడుగుతారు. మిగతావాళ్లు మధ్యలో కలుస్తారు. "మీకు ప్రేరణ ఎవరు?" అనే ప్రశ్న చీటీ ఉంటే పక్కన పెట్టేయండి. "ఆ ముసలాయన చివర్లో చెప్పులు చేత్తో పట్టుకుని ఎందుకు వెళ్తాడు?" లాంటిది అడిగితే రచయిత ముఖం వెలిగిపోతుంది, తన పుస్తకం ఒకరు నిజంగా చదివారని అప్పుడు తెలుస్తుంది.

ఎవరిని పిలవాలంటే, హైదరాబాద్ వైపు చూడటానికి ముందు దగ్గరలో ఉన్నవాళ్లను చూడండి. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 570 కిలోమీటర్లు. హిందూపురం నూరు, మదనపల్లె 120, అనంతపురం 215, తిరుపతి 250 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి వచ్చి రాత్రికి ఇల్లు చేరుకోగలరు. ఈ నేల మీద పుట్టిన కథలను ఇక్కడి కోలారు, పావగడ తెలుగువాళ్లు తమవిగా వింటారు కూడా.

పిలిచేటప్పుడు ఫోన్లో మూడు విషయాలు మీరే ముందు చెప్పండి: ఎంతమంది ఉంటారు, ఎంతసేపు, దారిఖర్చులు ఎవరివి. పన్నెండు మందే అయితే పన్నెండు మందే అని చెప్పండి. దారిఖర్చులు కవరులో పెట్టి, ఆయన బయల్దేరే ముందు ఒంటరిగా ఉన్నప్పుడు చేతికివ్వండి. పదిమందిలో "టికెట్ ఎంతయిందండీ?" అని అడిగితే చాలామంది "ఏం వద్దు లెండి" అనేస్తారు, ఆ నష్టం వాళ్లది. శాలువా, దండ, మొమెంటో డబ్బు ఆ కవరులోకి వెళ్లాలి. భోజనంలో ఏం తింటారో, ఏం తినకూడదో ముందే కనుక్కోండి. చాలామంది పెద్దవాళ్లకు షుగరు ఉంటుంది, మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలితో కూర్చోబెట్టొద్దు. సంతకాల సమయంలో ఎవరి పేరు వాళ్లు చీటీ మీద రాసి పుస్తకంతో పాటు ఇస్తే రచయితకు పేరు రెండుసార్లు అడగాల్సిన ఇబ్బంది ఉండదు.

మిగతా ఊరు ఏం చేస్తోందో చూడండి

మన కూటమే లోకం అనుకోకండి. శనివారాలు కబ్బన్ పార్కులో కబ్బన్ రీడ్స్ వాళ్లు చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు మౌనంగా చదువుకుంటారు. ఒక తెలుగు పుస్తకం పట్టుకుని వెళ్లి కూర్చోండి. అట్ట చూసి ఎవరో ఒకరు పలకరిస్తారు, మాకు ఇద్దరు అలాగే దొరికారు. బసవనగుడిలో 1945 నుంచి ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్‌లో ఉపన్యాసాలు వినండి. 2012లో మొదలైన బెంగళూరు లిటరేచర్ ఫెస్టివల్‌కు కూడా వెళ్లండి, ప్రవేశం ఉచితం. కన్నడ రచయితల సభలకు వెళ్లడం మాత్రం మానకండి. వాళ్లు చిన్న ఊళ్ల నుంచి వచ్చే పాఠకులను ఎంత ఆదరంగా చూసుకుంటారో గమనిస్తే మనకు చాలా తెలుస్తుంది. మీ కూటానికి కన్నడ స్నేహితులను పిలిస్తే వాళ్లకు తెలుగు కొంత అర్థమవుతుంది, లిపి మార్చిన కాపీలు ఎలాగూ ఉన్నాయి.

లేచే ముందు

పన్నెండున్నరకు ఐదు నిమిషాల ముందు, ఎవరూ కుర్చీ కదపకముందే, వచ్చే నెల తేదీ చెప్పి, కథ చదివే ఇద్దరి పేర్లు అక్కడే ఖాయం చేయండి. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కొత్తవాళ్లుగా ఉండేలా చూడండి. తర్వాత ఒక మామూలు రూళ్ల నోటుబుక్కు చుట్టూ తిప్పండి. తేదీ, కథ పేరు, వచ్చినవాళ్ల పేర్లు, ఆ రోజు కొత్తగా విన్న ఒక మాట రాయించండి. మా పుస్తకంలో ఇప్పటిదాకా చేరిన మాటలు నూట ముప్పై చిల్లర. బోకులు ఉన్న పేజీలో ఆ మాట రెండుసార్లు ఉంది. ఒకటి రాజమండ్రి అమ్మాయి తెలుగులో రాసింది, దాని కింద ముళబాగిలు ఆవిడ కన్నడ అక్షరాల్లో రాశారు.